వెనక బరువు

వెర్నా చేతిలో చిన్న నోటుపుస్తకం, చెవి వెనక పెన్సిలు. పికప్ ట్రక్కు వెనక చక్రాల ఇల్లులాంటి ట్రైలర్ తగిలించిన ప్రతిసారీ ఒకటే వరస. ఆమె ఒక్కో పనీ పైకి చదువుతుంది. చెల్లెలు ఐలీన్ వెళ్లి చూసి చెబుతుంది. అప్పుడు గీత కొడుతుంది.

"కొక్కెం?"

"పడింది."

"గొలుసులు?"

"కత్తెరలా వేశాను."

"ఆనుడుకాళ్లు?"

ఐలీన్ వంగి చూసింది. "నాలుగూ ఎత్తే ఉన్నాయి. ఈసారి గుర్తుందన్నమాట."

వెర్నా గీత కొట్టింది. వేసవిలో, ఆపినప్పుడు ట్రైలర్ కదలకుండా నేలకి దింపే ఆ కాళ్లు ఎత్తడం మరిచిపోయి బండి కదిలించింది. క్యాంపులో అందరూ చూస్తుండగా రెండు విరిగి కంకరలో పడ్డాయి. అప్పట్నించీ కొడుకు డ్వేన్‌ది ఒకటే పాట... డెబ్బైమూడేళ్లొచ్చాయి, మతిమరుపు మొదలైంది, బండి అమ్మేద్దామని. చివరికి ఒక ఒప్పందానికొచ్చాడు. ఈ ప్రయాణంలో ఏ పొరపాటూ జరక్కపోతే మళ్లీ ఆ మాట ఎత్తడు. జరిగిందో లేదో చెప్పాల్సింది వాడి పిన్ని ఐలీన్.

వాళ్లు ముందురోజు వయోమింగ్ కొండల్లో, పాడుబడిన గొర్రెల దొడ్డి పక్కన బండి ఆపుకున్నారు. బయల్దేరేసరికి మధ్యాహ్నం దాటింది. కనుమ ఎక్కేసరికి పొద్దు వాలింది. గాలికి ఎండుగడ్డి వెండిరంగులో పడి లేస్తోంది. రోడ్డుకి ఒకపక్క కొండ, ఇంకోపక్క చీకటి నిండుతున్న లోయ. ఎదురుగా ఒక్క బండి లేదు.

అప్పుడు వెనక ఏదో ఊగింది.

బండి నడుపుతున్న వెర్నా మొదట గాలనుకుంది. కానీ పికప్ వెనకభాగం తేలికై, దీపాల వెలుగు రోడ్డు మీదకి కుంగింది. అద్దంలో ట్రైలర్ తోక అటూ ఇటూ ఆడుతోంది. ఇలాంటప్పుడు కాలు బ్రేకు మీద వెయ్యకూడదు. వేస్తే వెనకది వచ్చి ముందుదాన్ని తిప్పేస్తుంది. వెర్నా ట్రైలర్ బ్రేకుకి విడిగా ఉన్న మీటని మెల్లగా నొక్కింది. ఊపు తగ్గింది. రోడ్డు వెడల్పైన చోట పక్కకి ఆపింది.

ట్రైలర్ తలుపు తియ్యగానే తడిసిన గొర్రెబొచ్చు వాసన. ముందువైపు మంచం కింద ఉండాల్సిన నీళ్ల డబ్బాలు, ఇనపపెనాల పెట్టె... అన్నీ వెనకగోడకి ఆనించి వరసగా ఉన్నాయి. జారినట్టు లేవు. పేర్చినట్టున్నాయి. బరువు వెనక పడితే ట్రైలర్ ముందుభాగం పైకి లేచి, తోక ఇలాగే ఊగుతుంది.

"ముందు పెట్టాననుకుని వెనక పెట్టావక్కా," అంది ఐలీన్ జాలిగా.

వెర్నా పుస్తకం తీసింది. 'నీళ్ల డబ్బాలు ముందువైపు.' పక్కన గీత ఉంది. తన గీతే. అది కొట్టిన క్షణం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. లోయకి వెయ్యని భయం అప్పుడు వేసింది.

ఇద్దరూ కలిసి అన్నీ ముందుకి మోశారు. "తాళం నువ్వే వెయ్యి. చెవి నీ దగ్గరే ఉంచుకో," అంది వెర్నా. ఐలీన్ తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, చెవి కోటు జేబులో వేసుకుంది.

దిగుడు మొదలైంది. నాలుగు మైళ్లు ఏమీ లేదు. తర్వాత గాలిహోరులోంచి ఒక చప్పుడు... బరువైనదేదో నేల మీద ఈడుస్తున్నట్టు. ఆగింది. మళ్లీ ఈడ్చింది. దీపాల వెలుగు కుంగింది. ట్రైలర్ తోక ఊగింది.

"అక్కా..." ఐలీన్ కోటు జేబు తడుముకుంది. "తాళంచెవి నా జేబులోనే ఉంది."

వెర్నా నవ్వేసింది. "అయితే మతి పోయింది నాకు కాదు."

"నవ్వుతావేంటి? ముందు బండి చూడు."

వెర్నా మీట నొక్కింది. ఊపు ఆగలేదు. ఇంకా నొక్కింది. చక్రాలు లోయ అంచు కంకరని తాకి వెనక్కొచ్చాయి. వెర్నా బటన్ నొక్కి, వెనకసీటు పైన ట్రైలర్ వైపున్న కిటికీ అద్దం పక్కకి జరిపింది. చల్లటి గాలి దూసుకొచ్చింది.

"ఇదిగో, నువ్వెవరివో నాకనవసరం," అని అరిచింది. "నా బండెక్కావు. నా బండిలో బరువు ఎక్కడుండాలో చెప్పేది నేను. ముందుకి రా."

చప్పుడు ఆగింది.

తర్వాత... ఒక అడుగు. ఇంకో అడుగు. ఒక్కొక్కటీ స్టీరింగులో తెలుస్తోంది. వెలుగు మెల్లగా పైకి లేచింది. ట్రైలర్ గీత గీసినట్టు నిలబడింది.

"నడుస్తోంది..." అంది ఐలీన్ గుసగుసగా.

"నడవనీ. డ్వేన్‌కి ఏం చెబుతావు?"

"ఏ పొరపాటూ జరగలేదని."

"నన్ను అనుమానించావుగా, ఆ పొరపాటు చెప్పుకో. నాది జరగలేదు."

అడుగులు మాత్రం ఆగలేదు. పికప్ వెనకభాగం ఇంకా కిందికి దిగింది. వెనకసీటు కిర్రుమంది. స్టీరింగు వెనక చిన్న ఎర్రదీపం వెలిగింది. టింగ్... టింగ్... టింగ్...

ఐలీన్ తల తిప్పి చూసింది. వెనక ఎవరూ లేరు. సీటు మెత్త మాత్రం మధ్యలో గుంటపడి ఉంది.

వెర్నా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"బెల్టు పెట్టుకో," అంది.

టింగ్... టింగ్...

వెనక, క్లిక్‌మంది. మోత ఆగిపోయింది.