ఖాళీ గడిలో 'లేదు'

జూన్ 12. ఆ తేదీ అంబ్రీన్ మరచిపోలేదు. మధ్యాహ్నం ఒకటిన్నరకు తన టిఫిన్‌లోని బగారన్నం, దాల్చా హరీష్‌తో పంచుకుంది. 3.40కి ఆరో నంబర్ బెడ్ మీద బుచ్చిరాములు చనిపోయాడు.

మంచిర్యాలలోని ఆ చిన్న ఆస్పత్రిలో అంబ్రీన్ నర్సు. రోగుల కార్డులు ఉండే వెబ్‌సైట్ తయారుచేసి, అక్కడే పనిచేస్తూ దాన్ని చూసుకునేవాడు హరీష్. జ్వరంతో స్పృహ లేకుండా వచ్చిన బుచ్చిరాములుకు పెన్సిలిన్ పడదు. తెర మీద 'అలర్జీ: లేదు' అని చూసి డాక్టర్ రమ ఆ ఇంజక్షనే ఇచ్చింది.

కంప్యూటర్‌లో అతని కార్డు నింపింది అంబ్రీన్.

రెండు రోజుల తర్వాత, సాయంత్రం ఆరున్నర. సీఐ పరశురాములు ఆ ముగ్గురినీ, బుచ్చిరాములు భార్య లస్మవ్వనూ కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టాడు. ఫ్యాన్ లస్మవ్వ వైపు తిప్పాడు. అంబ్రీన్ అరెస్టు కాగితాలు బల్ల మీదే ఉన్నాయి.

"'లేదు' అని నువ్వు కొట్టినవా?"

"లే సార్. ఆ గడి ఖాళీగ ఇడిసిపెట్టిన. మందుల సంగతి మస్కట్ల ఉన్న కొడుకుకే ఎరుకంట. నాలుగింటికి డ్యూటీ దిగుతడంటే ఆగిన."

"కంప్యూటర్ సొంతంగ ఏం రాయది సార్," అన్నాడు హరీష్. "అక్క కొట్టిందే చూపిస్తది. రికార్డుల అక్క లాగినే ఉన్నది."

పరశురాములు కొత్త కార్డు తెరిచాడు. తన పేరు, వయసు కొట్టి మిగతావి వదిలేశాడు. డాక్టర్ చూసే పేజీ నొక్కాడు.

'అలర్జీ: లేదు.'

"వంకాయ తింటే నాకు ఒళ్లంత దద్దుర్లు. నేను చెప్పందే నీ కంప్యూటర్‌కు ఎట్ల తెల్సింది హరీష్?"

హరీష్ గొంతు తగ్గింది. "గడిల ఏం లేకపోతే పేజీ ఆగిపోతది సార్. అందుకే ఖాళీ ఉంటే 'తెలియదు, అడగండి' అని వచ్చేటట్టు పెట్టిన. మొన్న పేజీ మార్చినప్పుడు అన్ని గడులకు కలిపి 'లేదు' పెట్టేసిన. పొరపాటు."

"అది పొరపాటే. మరి ఇది?"

ఎవరి లాగిన్‌తో ఎప్పుడు ఏం నింపారో చూపే సర్వర్ లాగ్ ప్రింట్ ముందుకు జరిపాడు. బుచ్చిరాములు కార్డులో 'లేదు' చేరిన సమయం 4.10. మనిషి పోయిన అరగంటకు. అంబ్రీన్ లాగిన్‌తో.

"అందరు లాగిన్ చూసిండ్రు. టైం ఎవరు చూడలే. నాలుగు పదికి నువ్వేడున్నవమ్మా?"

జవాబు లస్మవ్వ చెప్పింది. "నా పక్కకే ఉన్నది సారు. నాకు నోరు పెగలకపాయె. నా ఫోన్ల ఈ బిడ్డనే కొడుకుకు చెప్పింది. 'బాపుకు పెన్సిలిన్ పడది, చెప్పిండ్రా' అని వాడు ముందుగాల అదే అడిగిండట."

ఆమె ఫోన్‌లో మస్కట్‌కు చేసిన కాల్ 4.04 నుంచి 4.17 వరకు.

"హరీష్‌కు నా పాస్‌వర్డ్ నేనే ఇచ్చిన సార్," అంది అంబ్రీన్ మెల్లగా. "నాకు పని ఎక్కువుంటే కార్డులు నింపిపెట్టేటోడు." హరీష్ వైపు తిరిగింది. "తప్పయిందని నాతోటి చెప్తే, ఇద్దరం పోయి ఒప్పుకుందుము గదరా."

"భయమైంది అక్కా."

"అక్క అనకు."

కానిస్టేబుల్ హరీష్‌ను తీసుకెళ్లాడు. పరశురాములు అరెస్టు కాగితాలు చింపేశాడు.

అంబ్రీన్ ఇంటికి పోలేదు. తెల్ల కాగితాల కట్ట పట్టుకుని వార్డులో మంచం మంచానికీ తిరిగింది. "ఏ మందన్న పడదా బాపూ?" తెలియదన్న ప్రతి మనిషి పేరు పక్కన 'తెలియదు' అని చేత్తో రాసి తలాపున అంటించింది.

తొమ్మిదింటికి లైటు తగ్గించి, ఎవరికీ నిద్ర చెడకుండా వార్డు తలుపు దగ్గరికి వేసింది.