ఐదు కిలోలకి తగ్గకుండా

బీచ్ శుభ్రంగా ఉందని గుండె జారిపోయినవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మా కాలేజీ వాలంటీర్లం ప్రతి ఆదివారం పొద్దున్నే అక్కడ చెత్త ఏరతాం. ఇద్దరిద్దరం ఒక జట్టు. ఒకరు ఏరి సంచిలో వెయ్యాలి, ఇంకొకరు ఫారంలో రాయాలి. నా జట్టులో రాసే అమ్మాయిని అందరూ ఆడిటర్ అంటారు. సీసా మూత ఒక్కటి తేడా వచ్చినా ఆమెకి నిద్రపట్టదట.

"సిగరెట్ పీకలు ఎన్ని?" అంది మొదటిరోజే.

"ఓ పాతిక ఉంటాయి."

"ఉంటాయేంటి? సంచి బోర్లించి లెక్కపెట్టు."

ఇసుకలో చతికిలబడి లెక్కపెట్టాను. ఇరవై ఏడు. లెక్క తేలేసరికి నేను ప్రేమలో మునిగిపోయాను.

నాలుగో వారం, ఇదంతా నడిపించే జువాలజీ సార్ బాంబు పేల్చారు. "అందరి సంచులూ కలిపి తూకం ఐదు కిలోలకి తగ్గిందంటే బీచ్ బాగుపడినట్టే. ప్రోగ్రాం క్లోజ్!"

ఆ రోజు తూకం ఐదు కిలోల వంద గ్రాములు. ఆమెది వేరే డిపార్ట్‌మెంట్, వేరే బిల్డింగ్. ఆదివారం లేకపోతే ఆమె మొహం చూసే దారే లేదు.

అందుకే తర్వాతి వారం అందరికంటే ముందొచ్చి, మా వంటింటి గిన్నె, కుక్కర్ గాస్కెట్, విరిగిన గరిటె ఇసుకలో పాతాను. గంట తర్వాత నేనే తవ్వి తీసి, "అరే, ఇదేంటి!" అని నోరెళ్లబెట్టాను. ఆమె ఒక్కోటీ తిప్పి చూసి రాసుకుంది. ఆ పై వారం బాణలి. ఆ తర్వాత మిక్సీ జార్, ఇస్త్రీపెట్టె.

ఆ రోజు బీచ్‌లోనే మూడు వారాల ఫారాలు చూసి సార్‌కి పూనకం వచ్చింది.

"ఎక్కడో ఇంటిసామాన్ల ఓడ మునిగింది! రేపే పరిశోధన పత్రం పంపుతున్నా. రాసింది ఈ అమ్మాయి కాబట్టి మొదటి పేరు ఆమెదే!"

నా వెధవ పనికి ఆమె నలుగురిలో నవ్వులపాలైపోతుంది. నన్ను అసహ్యించుకున్నా సరే, చెప్పేయాలి.

"సార్, ఓడ లేదు. ఆ ఓడ నేనే."

సరిగ్గా అప్పుడే మా అమ్మ నన్ను వెతుక్కుంటూ బీచ్‌లోకి దిగింది. చేతిలో మూత.

"ఒరేయ్, దీని గిన్నె ఏదిరా?"

సార్ అక్కడే కూలబడ్డారు. ఆడిటర్ తాపీగా పెన్ను మూసింది.

"నాకు మొదట్లోనే తెలుసు. సముద్రంలో కొట్టుకొచ్చిన గాస్కెట్‌కి సబ్బు వాసన రాదు."

"మరెందుకు రాశావ్? తేడా వస్తే నిద్రపట్టదుగా!"

"పట్టలేదు. అయినా రాశాను." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఐదు కిలోలు రావాలిగా. ఇవాళ సార్‌తో చెప్పేద్దామనే వచ్చాను. నువ్వే చెప్తావేమో చూద్దామని ఆగాను."

అమ్మ ఆమెని ఎగాదిగా చూసి, "ఇందుకోసమని చెబితే ఇంకా బరువైనదే ఇచ్చేదాన్ని కదరా" అంది.

సార్ లేచి, ఇసుక దులుపుకుని, మా సామాను తీసేసి మళ్లీ తూచారు. రెండు కిలోలు. ప్రోగ్రాం అక్కడితో సరి.

"ఇక ఆదివారాలు లేవు" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"పోతే పోనీ" అంది ఆమె. "సోమవారం ఏం చేస్తున్నావ్?"