స్టెప్నీతో సహా

“గుట్కా మూటలు మూడుసార్లు విప్పించాం. కోడ్లున్న చిప్ లేదు,” ఇంటెలిజెన్స్ చీఫ్ రామభద్రరావు గొంతు ఇయర్‌పీస్‌లో గరగరలాడింది. “ఇవాళ కోర్టు కేసు కొట్టేస్తే పట్టుకున్న వ్యాను ముఠా చేతికి పోతుందమ్మా. కంటోన్మెంట్ రేడియో కోడ్లు సరిహద్దు దాటేస్తాయి.”

అనుపమ రెండుసార్లు దగ్గింది. విన్నానని సంకేతం.

సికింద్రాబాద్‌లోని ఈ లాయరాఫీసులో జూనియర్ వేషం కట్టి నెలయింది. సీనియర్ నీహారిక ఒకప్పుడు చీఫ్ దగ్గరే ఏజెంటు, ఇప్పుడు విదేశీ ముఠాకి అమ్ముడుపోయిన మనిషి. నల్లకోటు మీద ముత్యాల దండ, గదినిండా సెంటు వాసన. దేశాన్ని అమ్ముకునే మొహానికి ఈ సింగారం ఒకటి, అనుకుంది అనుపమ.

మూలన వ్యాను డ్రైవర్ జంగయ్య కూర్చున్నాడు. నిషేధించిన గుట్కా తరలిస్తూ దొరికి, బెయిల్ మీద వచ్చాడు. కేసు కొట్టేయమనే క్వాష్ పిటిషన్ అతని పేరు మీదే ఉంది. చిప్ సంగతి మాత్రం అతనికి తెలీదు.

నీహారిక లాప్‌టాప్ ముందు ఆన్‌లైన్‌లో వాదిస్తోంది. కళ్ళజోడు కెమెరాతో పిటిషన్ ఫొటోలు తీస్తున్న అనుపమ చివరి పేజీ దగ్గర ఆగింది. ‘వాహనాన్ని స్టెప్నీతో సహా అప్పగించాలి.’ పోలీసుల జప్తు జాబితాలో స్టెప్నీ ఊసే లేదు. వ్యాను కింద బిగించిన అరిగిన టైరు మీద అంత ప్రేమేమిటో. దాచిన చోటు కాగితం మీద రాసిచ్చే ఇంత తెలివితక్కువదానికి ముఠా జీతం ఎందుకిస్తోందో అనుకుని, చిప్ స్టెప్నీలో ఉందని గొంతు తగ్గించి చీఫ్‌కి చెప్పింది.

“మన టీం వ్యానున్న మౌలాలి గోడౌన్‌కి చేరాలంటే అరగంట. ముఠా మనిషి ఆర్డర్ కోసం గేటు దగ్గరే కాచుక్కూర్చున్నాడు. ఆర్డర్ ఆపు.”

ఆపగలిగేది పిటిషన్ వేసినవాడొక్కడే. అనుపమ జంగయ్య పక్కన వంగింది.

“అన్నా, ఈమె విడిపిస్తున్నది నిన్ను కాదు. నీ బండిల మిలిటరీ గుట్టు దాచిన్రు. పిటిషన్ వాపస్ తీసుకో. నీకు జైలు పడొచ్చు, అబద్ధం చెప్ప.”

జంగయ్య కుర్చీలో వెనక్కి జరిగాడు. “ఇంట్ల ముగ్గురు పిల్లలున్నరు మేడం.” నీహారిక వీపు వైపు చూశాడు. “బండి గురించి దినాం అడుగుతది. నన్ను ఎట్లున్నవని ఒక్కపారి సుత అడగలే.”

న్యాయమూర్తి ఆర్డర్ చెప్పబోతుండగా కెమెరా ముందుకొచ్చాడు. “సార్, జంగయ్యను నేనే. పిటిషన్ వాపస్ తీసుకుంటున్న.”

నీహారిక చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి దూరింది. పిస్టల్ బయటికి రాకముందే అనుపమ ఆ మణికట్టు మెలిపెట్టింది. “కోర్టు నడుస్తున్నది మేడం. జెర మర్యాద.”

న్యాయమూర్తి రెండుసార్లు అడిగారు. జంగయ్య మాట మార్చలేదు. పిటిషన్ అక్కడితో ముగిసింది. అరగంట తర్వాత స్టెప్నీ కోస్తే చిప్ దొరికింది.

“దేశాన్ని కాపాడిన గద మేడం,” జంగయ్య ఆశగా అడిగాడు. “నా కేసు పోయినట్టేనా?”

“ఏడ పోతదన్నా? గుట్కా మోసింది నువ్వే గద. ఇంకో వకీల్‌ను పెట్టుకో. ఈసారన్న టైరును గాకుండ నిన్ను విడిపియ్యమని అడిగేటోణ్ణి చూసుకో.”