దాటక్కర్లేని రోడ్డు

పొద్దున్న ఏడుంపావుకి మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ డ్రైవరు యథాప్రకారం "థ్యాంక్స్" అన్నాడు. ఇల్లాలు యథాప్రకారం పళ్ళు కొరుక్కుంది.

తొమ్మిదేళ్ళు పరాయి దేశంలో సిటీ బస్సు నడిపి వచ్చిన మనిషి. వచ్చి మూడు నెలలయింది. ఈ మూడు నెలల్లో ఆమెకి ముట్టిన థ్యాంక్సులన్నీ మూటగడితే అటక పట్టదు. కట్టుకున్నవాడు గ్లాసుడు నీళ్ళకి అంత మర్యాద చేస్తుంటే, తనేదో హోటల్లో సర్వరుగా చేరినట్టూ, ఏ పూటో కంచం కింద టిప్పు కూడా పెట్టేస్తాడేమోనన్నట్టూ ఉండేది.

థ్యాంక్సులదేముంది, దులిపేసుకోవచ్చు. అసలు తంటా వ్యానుతో వచ్చింది.

కూతురు చదివే బడికే వ్యాను నడిపే పని దొరికింది. పదకొండు మంది పిల్లలు, మూడు వీధులు, ఒక పెద్ద రోడ్డు. బస్సు తిప్పినవాడికి ఇదో లెక్కా అనుకుంది ఆమె. కానీ రోడ్డు పక్కన మనిషి కనబడితే చాలు, ఇతను వ్యానాపి, దాటండంటూ చెయ్యి చూపిస్తాడు. ఆ మనిషి దాటడానికి నించున్నాడో, తోచక నించున్నాడో ఇతనికి అనవసరం. ఆ దేశంలో అదే పద్ధతట.

నిన్న ఎదురింటి రిటైర్డు హెడ్ క్లర్కు గారు గుమ్మంలోకి వచ్చి మరీ చెప్పారు.

"అమ్మాయ్, మీ ఆయనకి కాస్త చెప్పు. పేపరు చదువుకుంటూ రోడ్డు పక్కన నించున్నాను. వ్యానాపి దాటమన్నాడు. వెనకాల బళ్ళన్నీ ఒకటే హారన్లు. మొహమాటానికి దాటాను. మళ్ళీ ఇటు రావడానికి అరగంట పట్టింది. అటునించి ఆపేవాడెవడు?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ నవ్వి ఊరుకునే సంగతి కాదు. వ్యాను రోజూ ఆలస్యమే. ఈ శుక్రవారం కూడా ఆలస్యమైతే సోమవారం నుంచి వేరే డ్రైవరని పెద్ద టీచరు తేల్చి చెప్పేసింది. అక్కడి బస్సు కంపెనీ నుంచి ఉత్తరం కూడా వచ్చి ఉంది. తిరిగి వస్తానంటే చోటుంది, శుక్రవారంలోగా చెప్పమని. అది టీవీ కింద సొరుగులో ఉంది. ఇద్దరూ చదివారు, ఇద్దరూ దాని ఊసెత్తలేదు. వ్యాను పోతే మనిషీ పోతాడని ఆమెకి తెలుసు.

ఇవాళ బుధవారం.

సాయంత్రం కూతురు సంచీ విసిరేసి సోఫాలో కూలబడింది. పదేళ్ళ పిల్ల, ఇంట్లో పేరు బుడంకాయ.

"రేపట్నుంచి నేను నడిచే వెళ్తానమ్మా. ఇవాళ నాన్న కుక్కకి ఆపాడు."

"కుక్కకా?"

"అది దాటలేదు. రోడ్డు మధ్యలో కూర్చుంది. నాన్న కూడా అలాగే కూర్చున్నాడు. మేం వెళ్ళేసరికి గేటు మూసేశారు. మొదటి పీరియడంతా బయటే. మీ నాన్న మళ్ళీ ఫారిన్ ఎప్పుడెళ్తాడని మా క్లాసులో అడుగుతున్నారు."

మాట పూర్తయ్యాక చూస్తే తండ్రి గుమ్మంలో ఉన్నాడు. బుడంకాయ మెల్లిగా లోపలికి జారుకుంది.

"కుక్క సంగతి నిజమేనా?" అడిగింది ఇల్లాలు.

"ముసలిది," అన్నాడు.

"మీరొచ్చి మూడు నెలలయింది. మనసింకా ఆ బస్సు దిగలేదు. ఇక్కడెవరూ అలా ఆపరండీ. ఆపితే దాటడం కూడా ఎవరికీ రాదు. అంత బావుంటే అక్కడే ఉండిపోవాల్సింది."

అనేశాక నాలుక కరుచుకుంది. అతను కోప్పడలేదు. చెప్పులు విడిచి, జతగా గోడవార పెట్టి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అక్కడ గదికి నలుగురం. ఒకడు లేస్తే ఇంకొకడు పడుకోవడం. ఒక్కోసారి రెండు మూడు రోజులు ఎవరితోనూ మాటే ఉండేది కాదు. కానీ బస్సాపితే దాటేవాళ్ళు ఇలా చెయ్యెత్తేవాళ్ళు. పిల్లలూ, ముసలాళ్ళూ, సూట్లేసుకున్నవాళ్ళూ. దిగేవాడు థ్యాంక్స్ చెప్పి దిగేవాడు. నేనూ ఒకణ్ణి ఉన్నానని అప్పుడే తెలిసేది నాకు."

ఆమె కూతురు విసిరేసిన సంచీ తీసి గోడకి ఆనించింది.

"ఇక్కడ అందరికీ నేను తెలుసు. కానీ రోడ్డు మీద ఒక్కడూ తలెత్తి చూడడు. ఆపితేనైనా చూస్తారని."

"మరి ఇంట్లో?"

"ఇంట్లో మీ ఇద్దరికీ ఏది ఎక్కడుంటుందో తెలుసు. చెంచా కావాలంటే నేను మూడు సొరుగులు లాగాలి. థ్యాంక్స్ చెప్పడం తప్ప ఇక్కడ నాకు చేతనైన పనేముంది?"

ఈ తొమ్మిదేళ్ళూ ఇంటిని ఒంటిచేత్తో లాగానని ఆమెకి లోపల్లోపల కాస్త గర్వం. అటువైపు కొస పట్టుకుని ఒకడు నించునే ఉన్నాడనీ, ఒంటరిగానే నించున్నాడనీ ఇవాళే తట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే, వంటింటి వైపు తిరిగి తుడుచుకుంది.

"చెంచాలు రెండో సొరుగులో ఉంటాయి," అంది. "ఇకనుంచి మీరే తెచ్చుకోండి. థ్యాంక్స్ చెప్పకుండా."

మర్నాడంతా ఫోన్ల మీదే గడిచింది. పదిమంది తల్లులకీ ఒకటే మాట, రేపట్నుంచి వ్యాను పావుగంట ముందొస్తుందని. ఎందుకని అడిగినవాళ్ళకి, "దార్లో ముసలి కుక్కలున్నాయి," అని చెప్పింది. ఆ గొంతు విని ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు. కొత్త టైములు రాయడానికి కాగితం కావాలంటే డ్రైవరే టీవీ కింద సొరుగు తీసి ఒకటి ఇచ్చాడు. తిప్పి చూసింది. కంపెనీ ఉత్తరం.

"వెనకవైపు ఖాళీగానే ఉందిగా," అన్నాడు.

ఆమె అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి.

శుక్రవారం వ్యాను బయల్దేరగానే ఆమె అడ్డదారిన పెద్ద రోడ్డుకి వెళ్ళింది. అక్కడ హెడ్ క్లర్కు గారు, పేపరు చంకలో పెట్టుకుని. పక్కన ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు.

"ఈ టైముకైతే మీ ఆయన వ్యానుంటుందిగా," అన్నారాయన. "అటు పని చూసుకుని, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ ఆపించుకోవచ్చు. మావాళ్ళకి కూడా చెప్పాను."

వ్యాను వచ్చి ఆగింది. వెనక హారన్లు మోగాయి. క్లర్కు గారు పేపరు పైకెత్తి చూపించి దాటారు. వెనకే మిగతా ఇద్దరు. ఆ వెనక, అటువైపు ఏ పనీ లేని ఇల్లాలు. రోడ్డు మధ్యలో ఆగి, అతని కళ్ళలోకి చూసి, చెయ్యెత్తింది.

కిటికీలో బుడంకాయ సిగ్గుతో మొహం దాచుకుంది. వేళ్ళ సందుల్లోంచి చూసి, తనూ చెయ్యెత్తింది. డ్రైవరు మాత్రం, చెయ్యి ఊపాలో కళ్ళు తుడుచుకోవాలో తేల్చుకోలేక, హారన్ కొట్టాడు. మూడు నెలల్లో అదే మొదటిసారి.

బడి గంటకి ఇంకా పన్నెండు నిమిషాలుంది. బడి అక్కణ్ణుంచి మూడు నిమిషాలు.

వ్యాను వెళ్ళిపోయాక బళ్ళు మళ్ళీ బారులు తీరాయి.

"నువ్వెందుకు దాటావమ్మాయ్?" అడిగారు క్లర్కు గారు.

"ఊరికే."

"మరి ఇటునించి వెళ్ళడం ఎలా?"

"మా ఆయన వస్తాడు," అంది ఇల్లాలు.