పధ్నాలుగు సార్లు రాసిన జవాబు

"ఆ కాష్ పీకి పారెయ్యండి. ఇప్పుడే," అంది ఆమె, భుజాన ఉన్న బ్యాగైనా దించకుండా.

అతను స్క్రీన్ మీంచి తల ఎత్తలేదు. "పీకితే సాయంత్రం ఆరింటికల్లా సైట్ పడిపోతుంది."

"పడిపోనివ్వండి."

ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. అసలీ వెబ్‌సైట్ పెట్టిందే నాన్న కోసం. ముప్పై ఏళ్ళు నడిపిన రేడియో రిపేరు షాపు మూతబడ్డాక ఆయన నోరు కూడా మూతబడింది. పాడైన సామాను ఫొటో పెట్టి జనం అడుగుతారు, నాన్న జవాబు రాస్తారు. మొదట్లో రోజుకు పదిమంది వచ్చేవారు, ఇప్పుడు నలభై వేలు. ఆ తాకిడికి సైట్ రోజూ కూలబడుతుంటే రెండు నెలల కిందట ఈ మొండిఘటాన్ని పనిలో పెట్టుకుంది. పనిమంతుడే, కాదనదు. చూడ్డానికీ బాగానే ఉంటాడు, అది ఇంకో ఒళ్ళుమంట.

అయ్యగారి నిర్వాకం ఏమిటంటే, వచ్చిన ప్రతివాళ్ళకీ పేజీని కొత్తగా తయారుచేసి ఇవ్వకుండా, గంటకోసారి తీసిపెట్టిన కాపీనే అందరికీ చూపించడం. దాన్నే కాష్ అంటాడు. సైట్ నిలబడింది. కానీ నాన్న ఓ మిక్సీ గురించి జవాబు రాసి చూసుకుంటే పేజీలో కనపడలేదు. పోయిందేమోనని మళ్ళీ రాశారు. అలా గంటలో పధ్నాలుగు సార్లు, ప్రతిసారీ ఇంకాస్త వివరంగా. గంట తిరగ్గానే పధ్నాలుగూ వరసగా ప్రత్యక్షమయ్యాయి. కింద ఎవడో 'పెద్దాయనకి మతి పోయినట్టుంది' అని రాశాడు.

అది చదివాక నాన్న కంప్యూటర్ ముట్టుకోలేదు. ఇవాళ్టికి వారం. రోజూ పొద్దున్నే ఎవరో ఒకతను 'పెద్దాయనా, నా టేబుల్ ఫ్యాన్ సంగతి మీరే చెప్పాలి' అని అడుగుతున్నాడు. ఆమె పైకి చదివి వినిపిస్తుంది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు.

"నీకసలు బుద్ధుందా? కాష్ పెట్టేముందు నాకో మాట చెప్పాలని తోచలేదా?" కోపంలో మీరు కాస్తా నువ్వయింది.

"మూడు మెయిల్స్ పెట్టాను. చదివారా?"

చదవలేదు. అందుకే గొంతు ఇంకా పెంచింది. "మెయిలెందుకు? పక్క గదిలోనేగా నేను ఏడ్చేది."

"వచ్చి చెప్తే అరుస్తారని."

"నేనెప్పుడూ అరవను."

"మరిప్పుడు చేస్తున్నదేంటి?"

ఆమె బ్యాగును కుర్చీలోకి విసిరింది. అతను కూడా విసురుగా లేచాడు. "పదండి. తప్పు నాది కాబట్టి మీ నాన్నగారికి నేనే చెప్పుకుంటాను."

ఇంట్లో నాన్న అంతా ఓపిగ్గా విన్నారు. "చదివేవాళ్ళకి పాత కాపీ చాలు, బాబూ. రాసినవాడికి మాత్రం అప్పటికప్పుడు చూపించలేవా?"

"చూపించచ్చండి. మూడు రోజుల పని. తర్వాత చూద్దాంలే అని వాయిదా వేశాను."

వారం నుంచి తనతో ఒప్పుకోని ముక్క! ఆమె పళ్ళు నూరింది.

నాన్న మాత్రం అతని కుడిచేతి వేలి కట్టు వైపు చూస్తున్నారు. "రెక్కలు తియ్యకుండా మోటారు విప్పితే సరిగ్గా అక్కడే కోసుకుంటుంది. ఆ టేబుల్ ఫ్యాన్ నీదేనా?"

అతను తల దించుకున్నాడు. ఆమె అతన్ని వరండాలోకి లాక్కెళ్ళినంత పని చేసింది.

"నిజంగా పాడయిందా ఆ ఫ్యాన్?"

"బాగానే తిరిగేది. ఆయన అడిగితే చెప్పడానికి ఉండాలిగా, అందుకని విప్పాను. మళ్ళీ బిగించడం రావట్లేదు."

"నాతో పోట్లాడుతూ, నాకు తెలీకుండా ఈ నాటకమా?"

"మీరు రోజూ మొహం మాడ్చుకుని వస్తుంటే చూడలేకపోయాను. మీరంటే నాకిష్టం. చేరిన రోజునుంచీ."

ఆమెకు కోపం నషాళానికి అంటింది. ఆ కోపం అడుగున ఎంత సంతోషంగా ఉందో తెలిసి ఇంకా కోపం వచ్చింది. "రెండు నెలలు నోట్లో ఏం పెట్టుకున్నావు? ముందు ఆ మూడు రోజుల పని పూర్తి చెయ్యి. నా జవాబు తర్వాత."

అతను రెండు రోజుల్లోనే ముగించాడు. మూడో రోజు పొద్దున ఆమె నాన్న కుర్చీని కంప్యూటర్ ముందుకు జరిపింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో అక్షరమే వెతికి కొట్టి, బటన్ నొక్కారు. జవాబు ఆ క్షణంలోనే పేజీ మీదికి వచ్చింది. ఆమె వంగి చదివింది.

'బాబూ, ఫ్యాన్ తీసుకుని ఆదివారం ఇంటికి రా. భోజనం ఇక్కడే. మా అమ్మాయి అరుస్తుంది, పట్టించుకోకు. దానికీ ఇష్టమే.'

"నాన్నా, నలభై వేల మంది చదువుతారు. తీసెయ్యి."

"గంటదాకా ఎవరికీ కనపడదుగా," అన్నారు నాన్న. ఈ పది రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

తీసేసే బటన్ ఆమె చేతికిందే ఉంది. గంటసేపు అరుస్తూనే ఉంది గానీ, దాన్ని నొక్కలేదు.