తొమ్మిదిసార్లు వెనక్కి వెళ్లిన ఫైలు

ఆ ఉదయం కూడా రేడియో వీధి చివరిదాకా వినిపిస్తోంది. దాని ముందు కూర్చున్న మనిషికి మాత్రం సగమే అందుతోంది. ఫిరంగి దళంలో ఇరవై రెండేళ్లు పనిచేసి వచ్చిన ఆయన్ని వీధిలో అందరూ ఫిరంగి తాతయ్య అంటారు. చెవులు పోయినవాడికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు పాపం. ఆ చెవుడు వయసు వల్ల వచ్చిందే గానీ కొలువు వల్ల కాదని పింఛను ఆఫీసు తేల్చేసింది. దాని మీద ఆయన పెట్టుకున్న అప్పీలు దాదాపు పదేళ్లుగా సాగుతూనే ఉంది.

ఆయన కూతురు ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రూఫ్‌రీడరు. అచ్చుతప్పులు ఏరడమే ఆమె పని, అర్థాలతో పనిలేదు. అలాంటిది మాజీ సైనికుల అప్పీళ్ల సంస్కరణ చట్టం చేతికొచ్చిన రోజున ఒక వాక్యం దగ్గర ఆమె పెన్సిలు ఆగిపోయింది. కొత్త ఆధారం చేర్చిన ప్రతిసారీ ఫైలును మొదటి దశకు తిప్పి పంపే పాత పద్ధతి ఇకపై ఉండదు, మొదటి దరఖాస్తు తేదీ చెక్కుచెదరదు అని ఉంది అందులో.

ఆ వాక్యాన్ని రెండోసారి చదివేసరికి ఆమెకు భయమేసింది. అప్పీలు పెట్టిన తేదీ వచ్చిందంటే చాలు, ఏటా అమ్మ ఒక కొత్త కాగితం పోస్టు చేసి వస్తుంది. ఒక ఏడు డాక్టరు చీటీ, ఒక ఏడు పాత సహచరుడి ఉత్తరం. ఫైలు బలంగా ఉండాలట!

భయంతో పాటు ఒళ్లు కూడా పులకరించింది ఆమెకు. ఎక్కడో చట్టసభలో ముక్కూమొహం తెలియనివాళ్లు చేతులెత్తి ఆమోదించి, ఆమె ఇంటి బాధను అంత చిన్న వాక్యంలో పట్టుకున్నారు! కానీ పాత అప్పీళ్లు వాటంతటవే కొత్త దారిలోకి రావు. సంతకం పెట్టి అడగాలి. ఆ ఫారం ఇంటికొచ్చి రెండు నెలలైనా తండ్రి సంతకం పెట్టలేదు, గడువు నాలుగు రోజులే మిగిలింది.

అమ్మ పెరట్లో బట్టలారేస్తున్న సమయం చూసి, కూతురు తండ్రి కుడిచెవి దగ్గరికి వంగింది.

"నాన్నా, ఇవాళైనా సంతకం పెడతారా?"

"చూద్దాంలే."

"ఇంకేం చూస్తారు? ఇన్నేళ్లు ఈదొచ్చి ఒడ్డున మునుగుతారా?"

ఆయన పెరటివైపు ఓసారి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "సంతకం పెడితే ఫైలు చరిత్రంతా అచ్చేసి ఇంటికి పంపుతారట. మీ అమ్మ చదువుతుంది. తను పంపిన కాగితాల వల్లే తొమ్మిదిసార్లు మళ్లీ మొదటికొచ్చిందని తెలిస్తే తట్టుకుంటుందా?"

రహస్యం చెప్పాననే అనుకున్నాడాయన. గోడ మీది పిల్లి ఉలిక్కిపడి దూకింది.

"మీకు ముందే తెలుసా?"

"మొదటిసారే ఉత్తరమొచ్చింది. దాచేశా. కాగితాలు పంపొద్దంటే ఎందుకని అడుగుతుంది. ఏం చెప్పను?"

"ఆ ఫిరంగులే నా చెవులు తీశాయని వాళ్లు ఒప్పుకోవాలి అన్నారు కదా! అన్నం మానేసి కూర్చున్నారు కదా దానికోసం! ఇప్పుడు అదీ వదిలేస్తారా?"

"వదిలేస్తా," అన్నాడాయన. రేడియో కట్టేస్తానన్నంత తేలిగ్గా అన్నాడు.

ఆమె వంచిన నడుం ఎత్తింది. ముప్పై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న ఈ మనిషిని ఇవాళే మొదటిసారి చూస్తున్నట్టు అలాగే నిలబడిపోయింది.

వెనక ఏదో చప్పుడైంది. తడిబట్టతో అమ్మ గుమ్మంలో ఉంది. ఆయన నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి దించాడు.

"ఏటా పోస్టాఫీసుకెళ్లొచ్చి, ఈసారి తప్పకుండా వస్తుందండీ అంటే తలూపారే!" అంది అమ్మ, అలవాటు చొప్పున అరుస్తూనే.

"నువ్వంటే నిజంగానే వస్తుందనిపించేది."

అమ్మ వచ్చి ఆయన ఎదురుగా కూలబడింది. తర్వాతి మాట మాత్రం మెల్లగా అంది, కూతురికే సరిగా వినపడలేదు.

"ఒక్కసారైనా నా మీద కోపం రాలేదాండీ?"

ఆమె పెదవుల కదలిక చూసి ఆయన మాట పట్టుకున్నాడు. "మూడోసారి వచ్చింది. అడిగేద్దామనే కూర్చున్నా. నువ్వేమో పోస్టాఫీసు నుంచి నిలువునా తడిసిపోయి, కవరు మాత్రం తడవలేదండీ అంటూ లోపలికొచ్చావు. ఇంకేం అడగను?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఫారం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"పెట్టండి సంతకం. రానివ్వండి ఆ చరిత్ర. తొమ్మిదీ నేనే చదువుతా. మీకు వినపడేలా చదువుతా."

ఆయన ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ రాశాడు. కాగితం కదలకుండా అమ్మ అంచు పట్టుకుంది. వాళ్లిద్దరినీ చూస్తూ నిలబడ్డ కూతురు, తను చేతులు జోడించి ఉన్న సంగతి చాలాసేపటిదాకా గమనించుకోనేలేదు.