చేటెడు తవుడు

ఆ రోజు ఉదయం ఏడున్నరకే ప్రమీలకు కడుపు మండింది. ఇంకా టీ కూడా తాగలేదు కాబట్టి అది అజీర్తి మాత్రం కాదు.

కుక్కర్ పొయ్యి మీద పెట్టి, దువ్వెన, కొబ్బరి నూనె సీసా, రెండు రిబ్బన్లు పట్టుకుని గడపలో కూర్చుంది. రెండో కూతకు ఒక జడ, నాలుగో కూతకు ఇంకో జడ అయిపోవాలని ఆమె లెక్క. ఇంతలో కూతురు కోమలి పక్క గదిలోంచి గెంతుకుంటూ వచ్చింది. అప్పటికే తల నున్నగా దువ్వి ఉంది, రెండు జడలు పడి ఉన్నాయి, వాటికి కొత్త రిబ్బన్లు కూడా. చిన్నమ్మ వేసిందని చెప్పింది. ఉప్మా గిన్నె వైపు ఒక చూపు చూసి, చిన్నమ్మ ఢోక్లా పెట్టిందని, కడుపు నిండిందని చెప్పి వచ్చిన దారినే వెళ్లిపోయింది. చేతిలో దువ్వెన మిగిలిపోయిన ప్రమీల, ఆ కోపమంతా తన జుట్టు మీదే చూపించింది.

సూరత్‌లో ఉధ్నాలోని ఆ మూడంతస్తుల మేడలో అన్నదమ్ములిద్దరివీ పక్కపక్క గదులు, మధ్యన ఒకటే గోడ. అన్న నరేశ్ మగ్గాల కార్ఖానాలో పని చేస్తాడు. తమ్ముడు ఓంప్రకాష్‌ది ఎంబ్రాయిడరీ మిషన్ల పని. నరేశ్ భార్య ప్రమీల. ఓంప్రకాష్ భార్య కరుణ, కోమలి చెప్పే చిన్నమ్మ. కరుణకు పెళ్లయి పదేళ్లయినా పిల్లల్లేరు. ప్రమీలకు కోమలి ఒక్కతే. అత్త సారక్క పడుకోవడం పెద్ద కోడలి గదిలో, రోజంతా కూర్చోవడం రెండు గదుల ముందున్న గ్యాలరీలో. అక్కడైతే ఎవరి ఇంట్లో ఏం వండుతున్నారో వాసన చూసి తేల్చుకోవచ్చు.

ఇంటి పనికి తోడు ప్రమీలకు చీరల పని. ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలను కత్తిరించి ఇవ్వాలి. సూరత్‌లో సగం ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చేసేది అదే. లాక్‌డౌన్‌లో కార్ఖానాలు మూతపడి నరేశ్ ఇంట్లో కూర్చున్నప్పుడు మొదలుపెట్టింది, ఇక మానలేకపోయింది. ఒక చేత్తో కత్తెర, ఇంకో చేత్తో గరిటె, చెవి కుక్కర్ మీద, కన్ను కూతురి మీద. ఈ మధ్య కంటికి కూతురు ఆనడం లేదు, అదే ఆమె బాధ.

ఎందుకంటే ఏడాది పైగా బడి ఫోన్లోనే. కోమలి చదివేది గుజరాతీ మీడియం. సిరిసిల్ల పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చిన ప్రమీల తెలుగులో పదో తరగతి పాసయిందిగానీ, గుజరాతీ అక్షరాలు ఆమెకు నెత్తిన గీత ఎగిరిపోయిన హిందీలా కనిపిస్తాయి. కరుణ సూరత్‌లోనే పుట్టి పెరిగింది. గుజరాతీ చదువుతుంది, రాస్తుంది, పోట్లాడుతుంది కూడా. దాంతో క్లాసు కరుణ గదిలో, హోంవర్కు కరుణ గదిలో, హోంవర్కు చేసినందుకు ఢోక్లా కూడా కరుణ గదిలో. ఫోన్లో టీచరు కరుణనే కోమలి మమ్మీ అనుకుని పిలుస్తుంది. అది తప్పని కరుణ ఒక్కసారి కూడా చెప్పలేదు. గోడ ఇవతల కత్తెర పట్టుకుని కూర్చున్న ప్రమీలకు ఆ పిలుపు వినపడ్డప్పుడల్లా ఒంటికి కారం రాసినట్టు ఉంటుంది.

ఢోక్లాయే కదా అని ఒక ఆదివారం తనూ పిండి కలిపింది. పొంగలేదు. నరేశ్ ఒక ముక్క కొరికి, పన్ను తడుముకుని, కార్ఖానాలో ఒక మగ్గం కాలు ఊగుతోందని, ఇంకో రెండు ముక్కలు ఇస్తే దాని కింద పెడతానని అన్నాడు. ఆ రోజు అతనికి కూరలో ఉప్పు పడలేదు.

ఏప్రిల్‌లో జరిగింది మాత్రం ప్రమీల ఇంకా మరిచిపోలేదు. ఊరంతా కరోనాతో అల్లాడుతున్న రోజులు. వాళ్ల గల్లీలోనే నాలుగు ఇళ్లలో మనుషులు పోయారు. కోమలికి ఐదు రోజులు జ్వరం. తల్లి పిల్ల పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తుంటే, కరుణ పాలవాడికి, కూరగాయలామెకు, ఎదురింటి లలితమ్మకు, కనిపించిన ప్రతి ఒక్కరికీ నా బిడ్డకు జ్వరం, నా బిడ్డకు జ్వరం అని చెప్పుకుంటూ తిరిగింది. జ్వరం తగ్గింది. ప్రమీల కడుపులో మంట తగ్గలేదు.

జూన్‌లో ఓంప్రకాష్‌కు అమ్రోలిలో పని కుదిరింది. అక్కడే ఇల్లు చూశామని, ఆదివారం సామాను తీసుకుపోతామని కరుణ చెప్పింది. ప్రమీల పైకి అయ్యో అంత దూరమా అంది. లోపల మాత్రం దీపావళి చేసుకుంది. తపతి నది అవతలికి పోతే ఇక ఆ జడలూ ఢోక్లాలూ ఉండవు. గుజరాతీ సంగతి తర్వాత చూసుకోవచ్చు, అవసరమైతే తనే నేర్చుకుంటుంది.

ఆ దీపావళి సాయంత్రం దాకా కూడా నిలవలేదు. కోమలి వచ్చి తనూ అమ్రోలి పోతానంది. బడి ఫోన్లోనే కదా, ఫోను అక్కడా ఉంటుంది కదా అని వాదించింది.  గ్యాలరీలో లలితమ్మ నవ్వుతూ, చిన్నమ్మ తీసుకుపోతుందా మరి అని అడిగింది.

"తీస్కపోకుంటే ఎట్ల?" అంది కరుణ. "ఎత్తుకున్నది నేను. వీళ్లు ఇంక తవుడు గూడ ఇయ్యలే. బిడ్డ నాదే."

లలితమ్మ నవ్వింది. ప్రమీల నవ్వలేదు.

తవుడు సంగతి నిజమే. ప్రమీలకు మొదట కొడుకు పుట్టి పన్నెండో రోజున పోయాడు. అలా పోయిన ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే వాళ్ల వైపు ఒక ఆచారం ఉంది. బిడ్డను గుమ్మం బయట ఊడ్చిన చెత్త పక్కన పడుకోబెడతారు. ఇంకొకామె వచ్చి ఎవరి బిడ్డో దొరికిందని ఎత్తుకుంటుంది. ఆ తర్వాత కన్నతల్లి చేటెడు తవుడు ఇచ్చి బిడ్డను కొనుక్కుంటుంది. పైన చూసేవాడు ఇది ఆ తల్లి బిడ్డ కాదులే అనుకుని వదిలేస్తాడని నమ్మకం. కోమలిని ఎత్తుకున్నది కరుణ. అయితే ఆ రోజు ఉధ్నాలో వరి తవుడు దొరకలేదు. ఊరి నుంచి తెచ్చి ఇద్దామని సారక్క అంది. ఆ వెంటనే ప్రమీల బాలింత జ్వరంతో మంచాన పడింది. లేచాక పనుల్లో పడింది. ఏడేళ్లు గడిచిపోయాయి.

ఆ రాత్రి ప్రమీల అత్తను నేరుగా అడిగింది. తవుడు ఇచ్చామా లేదా అని. సారక్క ఇయ్యలే అని ఒక్క ముక్క చెప్పి, గోడ వైపు తిరిగి పడుకుంది. మామూలుగా ఒక్క మాట అడిగితే ఊరి కబుర్లన్నీ చెప్పే మనిషి.

మర్నాడు ప్రమీల చీరల మూట పక్కకు నెట్టి మాస్కు పెట్టుకుని తవుడు వేటకు బయల్దేరింది. కిరాణా కొట్లవాళ్లు గోధుమ పొట్టు చూపించారు. వరిదే కావాలంది. చివరికి రైలు పట్టాల అవతల ఒక పశువుల తబేలాలో దొరికింది. తబేలా ముసలాయన సంచిలో పోస్తూ, ఇంట్లో బర్రె ఉందా, ఎన్ని లీటర్లు ఇస్తుంది అని హిందీలో ఆరా తీశాడు. ఒక్కటే ఉందని, పాలు ఇవ్వదని, తాగుతుందని ప్రమీల జవాబు చెప్పింది. అలాంటిదాన్ని అమ్మేయమని ఆయన సలహా ఇచ్చాడు.

శనివారం పొద్దున కరుణ గదంతా సామానుతో నిండి ఉంది. ఆమె స్టీలు గిన్నెలను గోనె సంచిలో సర్దుతోంది. కోమలి కింద లలితమ్మ మనవరాలితో ఆడుకుంటోంది. సారక్క గడపలో కూర్చుని ఉంది. ప్రమీల చేట తెచ్చి కరుణ ముందు దించింది. చేట నిండా తవుడు.

"తీసుకో. నా బిడ్డను నాకియ్యి."

కరుణ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత నిప్పు చూసినట్టు వెనక్కి జరిగింది. వద్దక్కా, ఇప్పుడొద్దు అంది. చేట ముట్టకుండా రెండు చేతులూ కొంగులో దాచుకుంది. అది చూసి ప్రమీలకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లు గోడ ఇవతల కూర్చుని మింగిన మాటలన్నీ ఒక్కసారి తోసుకొచ్చాయి. టీచరు మమ్మీ అంటే కిక్కురుమనకుండా ఊరుకోవడం, తల్లి దువ్వెన పట్టుకునే లోపే జడలు వేసి పంపడం, జ్వరంలో ఊరంతా చాటడం, అన్నీ వరసపెట్టి అడిగింది. అక్కడితో ఆగినా బాగుండేది.

"నీకు లేకుంటే నాది గుంజుకుంటవా?"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.  కరుణ కొంగులోంచి చేతులు తీసింది. ఒక గిన్నెను సంచిలో పెట్టి, మళ్లీ బయటికి తీసి, మళ్లీ పెట్టింది.

గడపలోంచి సారక్క గొంతు వినపడింది. "తవుడు నేను అప్పుడే తెచ్చిన ప్రమీలా. పిల్ల పుట్టిన నెలకే ఊరికి పోయి, రైల్ల ఒళ్లె పెట్టుకొని తెచ్చిన. గీమెనే ముట్టలే. నీకు చెప్పద్దని నాతోని ఒట్టు ఏయించుకున్నది."

ప్రమీల కరుణ వైపు తిరిగింది. ఆ తిరగడంలో ఇంకా కోపమే ఉంది. అప్పటి నుంచే కన్నేశావన్నమాట అనుకుంది.

కరుణ తల ఎత్తలేదు. "తవుడు ముట్టిన గడియ నుంచి అది నీ బిడ్డయితది అక్కా," అంది. "నీ బిడ్డయితే మళ్ల వాని కన్ను పడ్తదని భయమైంది. మొదటి పిల్లగాడు నా చేతులల్లనే పోయిండు. నువ్వు దవాఖానల సోయి లేకుంట ఉంటివి. నువ్వు చూడలే. నేను చూసిన."

 కింద నుంచి కోమలి నవ్వు వినిపిస్తోంది.

కొడుకు ఎలా పోయాడని ప్రమీల ఎన్నడూ అడగలేదు. అడిగితే తట్టుకోలేనని అడగలేదు. ఎవరి చేతుల్లో పోయాడన్నది ఆమెకు ఈ రోజే తెలిసింది. అప్పటికి కరుణ కొత్త కోడలు, పందొమ్మిదేళ్లుంటాయేమో.

"ఏప్రిల్‌ల దానికి జరమొచ్చినప్పుడు గల్లీ అంతట మనుషులు పోతున్నరు," కరుణ అంటోంది. "నాకు ఏం తోచలే. నా బిడ్డ, నా బిడ్డ అని అందరికి చెప్పిన. పైనోడు ఇంటడని. నాకు ఆశ లేదంటే అబద్ధమైతది అక్కా. టీచరు మమ్మీ అంటే మురిసిన. గాని నేను దాన్ని తీస్కపోను. లలితమ్మ ముంగట అన్నది గూడ గట్లనే, పైకి ఇనబడాలని. ఈ రోగం పోనియ్యి. మల్లొచ్చేది పిల్లలకే అంటున్నరు. అది గూడ దాటినంక నేనే అడిగి తీసుకుంట తవుడు."

ప్రమీల అక్కడే సామాను మధ్య కూలబడింది. ఐదు రాత్రులు కూతురి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ తను కరుణను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చాయి. కావలి కాస్తున్నదాన్ని పట్టుకుని దొంగ అనుకుంది. సిగ్గేసింది. ఏడుపు వచ్చింది. కరుణ చేతులు దగ్గరికి లాక్కుని తన మొహానికి ఆనించుకుంది. తన కొడుకును చివరిసారి పట్టుకున్న చేతులు అవి. తోటికోడళ్లిద్దరూ ఏడుస్తుంటే సారక్క కూడా కాసేపు ఏడ్చి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని గుర్తు చేసింది.

అప్పుడే కోమలి పైకి వచ్చింది. ఏడుస్తున్న ఇద్దరినీ, చేటనూ చూసింది. వేలితో కొంచెం తవుడు తీసి నాలుక మీద వేసుకుని, మొహం వికారంగా పెట్టి, ఇది అమ్మ చేసిన ఢోక్లానా అని అడిగింది. ఏడుపు మధ్యలో కరుణకు నవ్వు ఆగలేదు. ప్రమీలకు నవ్వు రాలేదు, అయినా నవ్వింది. లేచి చేట ఎత్తి తన గదిలోకి తీసుకుపోయింది.

ఆదివారం పది గంటలకు టెంపో వచ్చింది. బీరువా, మంచం, గిన్నెల సంచులు ఎక్కించారు. కోమలి కాసేపు ఏడ్చింది. చిన్నమ్మ రోజూ ఫోన్లో పాఠం చెబుతుందని, ఆదివారాలు వస్తుందని ఒప్పించాక ముక్కు చీదుకుని ఊరుకుంది. మేడలోని ఆడవాళ్లంతా గ్యాలరీల్లో నిలబడ్డారు. కరుణ టెంపో ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

ప్రమీల కూతురి చెయ్యి పట్టుకుని టెంపో దగ్గరికి వెళ్లింది. మాస్కు గడ్డం కిందికి లాగింది. రాత్రంతా ఈ మాటే లోపల అనుకుని చూసుకుంది. అనుకున్నప్పుడల్లా సగంలోనే ఆగిపోయింది.  అయినా గల్లీ చివరిదాకా వినపడేలా అంది.

"కరుణా, నీ బిడ్డను నా తాన ఇడిసిపెట్టి పోతున్నవు. ఆదివారం ఆదివారం వచ్చి చూసుకొని పో."

లలితమ్మ నోరు తెరిచింది. సారక్క కొంగుతో కళ్లు అద్దుకుంది. కరుణ కిటికీలోంచి చెయ్యి చాపింది. కోమలి చెంప నిమిరి, ప్రమీల వైపు చూసి, మెల్లగా అంది.

"జర పైలంగ చూస్కో అక్కా, నా బిడ్డను."

ఆ మాటకు ప్రమీల కడుపులో మళ్లీ చురుక్కుమంది. కూతురి చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. టెంపో కిటికీ దగ్గరికి జరిగింది.

"ఇంకోసారి అను," అంది. "జర గట్టిగ."